మైనం దారంతో కట్టిన ఓడ

నేను సముద్రం చూడలేదు. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. హుజూరాబాద్‌లో పుట్టి, అక్కడే ఆడపిల్లల బడిలో పంతులమ్మనైన నాకు అప్పటికి తెలిసిన పెద్ద నీళ్లంటే గోదావరి ఒక్కటే. అదీ నన్ను కన్న అవ్వ అస్థికలు కలపడానికి బాపుతో పోయినప్పుడు చూసింది.

అయినా మూడు తెరచాప కొయ్యలున్న బొమ్మ ఓడ ఒకటి కట్టాలన్న కోరిక పుట్టింది. కరీంనగర్‌లో పాత కాగితాల దుకాణంలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. నడిమి రెండు పేజీల నిండా ఓడ బొమ్మ, తాడు తాడుకూ ఒక అంకె. వందకు పైగా తాళ్లు. నేను మగ్గం ఉన్న ఇంటి పిల్లను. దారాలను అంత పద్ధతిగా పేర్చిన బొమ్మ చూశాక చేతులు ఊరుకోలేదు. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క తెప్పించుకుని ఏడాది పాటు చెక్కాను. తాళ్లు దూరే కప్పీల కోసం సీతాఫలం గింజలు ఏరి, కాల్చిన సూదితో ఒక్కోదానికి బెజ్జం పెట్టాను. ఇరవై ఆరేళ్ల పెళ్లికాని పిల్ల చేయాల్సిన పనులు వేరే ఉన్నాయని చెప్పడానికి చాలామంది మా ఇంటికి వచ్చారు. వాళ్లకు చాయ్ పోసి, ఓడ చూపించి పంపించాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. బళ్లను తనిఖీ చేయడానికి కోస్తా నుంచి ఒక ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పిల్లలకు చూపిద్దామని ఆ రోజు ఓడను బడికి తీసుకుపోయాను. కొయ్యలు నిలబెట్టాను గాని ఇంకా తాళ్లు కట్టలేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు.

"మీరెప్పుడైనా సముద్రం చూశారా అమ్మా?"

"చూడలే సార్."

"మాది సముద్రపు ఒడ్డు. పుట్టినప్పటి నుంచీ ఓడల్ని చూస్తూనే ఉన్నాను. చూడనివాళ్లు కడితే అది ఓడ అవదు, పెళ్లిపందిరి అవుతుంది."

తోటి పంతులమ్మలు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"పంద్రాగస్టుకు కరీంనగర్‌ల ప్రదర్శన పెడ్తరు గద సార్. గీ ఓడను ఆడ పెడ్త. మీరొచ్చి ఒక్కొక్క తాడు ముట్టి చూడున్రి. ఒక్క తాడు సడలినా, ఒక్క కొయ్య వంగినా, మీ ముందల్నే పొయ్యిల పెడ్త."

అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఉంటే బాగుండేదని తరువాత ఒకటి రెండుసార్లు అనిపించింది.

ఎండాకాలం సెలవులంతా తాళ్లు కట్టడమే పని. బాపుకు ఓడ సంగతి పట్టదు గాని నూలంటే ప్రాణం. నేను దారం తీసి కొయ్యకు చుట్టబోతుంటే మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు.

"గంజి పెట్టకుంటనే కడ్తవా బిడ్డా? నాలుగు దినాలల్ల పీసుపీసైతది."

పడుగుకు పెట్టినట్టే తానే గంజి కాచి, కుంచెతో దువ్వి, నీడలో ఆరేసి ఇచ్చాడు. ఆ దారం తీగలా నిలిచింది. నేను బిగించి కట్టాను. మే నెల ఎండకు తాళ్లు వేలితో మీటితే పలికేవి. బాపు కూడా వచ్చి ఒకసారి మీటి చూసి, ఏమీ అనకుండా పోయాడు. అంటే మెచ్చుకున్నట్టే.

మిరుగం కార్తె దాటింది. జూలై చివర్లో ముసురు పట్టుకుంది. ఒకరోజు పొద్దున బడికి జడ వేసుకుంటుంటే ఓడ పెట్టిన గూట్లోంచి టప్పుమని చప్పుడైంది. పోయి చూస్తే నడిమి కొయ్య విరిగి తాళ్ల మీదే వేలాడుతోంది. ఒక్క తాడూ తెగలేదు. ఇంకా బిగిసి ఉన్నాయి. గంజి చెమ్మ పీల్చింది, నూలు కుంచించుకుపోయింది, మెత్తటి పొణికి ఆ లాగుడుకు ఆగలేకపోయింది. సాలెవాళ్లం తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. మగ్గం మీద పడుగును రోజూ కొంచెం వదులుతాం, కొంచెం బిగిస్తాం. వాన రోజైతే చేతికే తెలిసిపోతుంది. ఓడ మీద ఒకసారి ముడి వేశామంటే వేసినట్టే. మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. పంద్రాగస్టుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఇన్‌స్పెక్టరు గారి నవ్వు చెవిలో వినిపించి, కోపంతో ఏడుపొచ్చింది.

ఆ రోజే బురదలో నా చెప్పు తెగింది. బస్టాండు పక్కన గోనెపట్టా కప్పుకింద చెప్పులు కుట్టే ముసలాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ను తాతా అనే పిలిచేది. ఆయన కుడుతుంటే నిలబడి చూస్తున్నాను. పట్టా అంచు నుంచి నీటి చుక్కలు దారం మీద పడి, ఇంకకుండా జారిపోతున్నాయి.

"తాతా, నీ దారం నానదా?"

"మైనం రుద్దిన దారం పంతులమ్మా. నీళ్లు తాగదు. వానల తొక్కేటియి గద చెప్పులు, నానితే ఎట్ల?"

తేనెమైనం ముద్ద ఒకటి ఆయన దగ్గరే అడిగి తీసుకుని, ఇంటికి పోయి బాపుకు సంగతంతా చెప్పాను. బాపు ఆ ముద్దను చూశాడు గాని ముట్టుకోలేదు.

"చెప్పులు కుట్టే దారం మగ్గమున్న ఇంట్లకు రావద్దు. మా తాతల కాడినుంచి రాలే."

"గంజికి కొయ్య ఇరిగింది బాపూ."

"ఇరగనియ్యి. గది గడప దాటద్దు."

"సరే. దాటదు తియ్యి."

విరిగిన కొయ్యకు బదులు కొత్తది చెక్కి నిలబెట్టాను. పాత తాళ్లన్నీ కోసేశాను. మర్నాటి సాయంత్రం బడి వదలగానే ఓడను ఎత్తుకుని బస్టాండుకు పోయాను. తాత లేచి నిలబడ్డాడు.

"ఈడ కూసుంటవా? మీ బాపు ఏమంటడు?"

"బాపు అన్నదంతా అన్నడు. జర జరుగు తాతా."

ఆయన తన గోనె దులిపి సగం నాకు వేశాడు. పద్ధతి చూపించాడు. దారాన్ని మైనం మీద మూడుసార్లు లాగాలి, తరువాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేడి పుట్టేదాకా రుద్దాలి. అప్పుడుగాని మైనం లోపలికి పోదు. నేను బిగించి కడుతుంటే ఆయన చేయి పట్టి ఆపేవాడు.

"గంతగనం గుంజకు. జర ఆడనియ్యి. కాలు ఆడకపోతే చెప్పు పగుల్తది."

కాలు ఎరిగిన మనిషి చెప్పిన మాట కొయ్యకు కూడా సరిపోయింది.

బస్సు దిగినవాళ్లంతా ఆగి చూసేవాళ్లు. సాలోళ్ల పిల్ల, అందులోనూ పంతులమ్మ, అక్కడ కూచోవడమేమిటని ఒకరు. మొగుడు దొరకక మతి పోయిందని ఇంకొకరు. మూడో రోజుకు పెద్ద పంతులమ్మ పిలిపించింది.

"పిల్లల తల్లులు పరేషాన్ అయితున్రు. నువ్వు ఆడ కూసుంటున్నవని."

"బడి టైముల కూసుంటున్ననా అమ్మా?"

"లేదు గనీ..."

"మరేం ఫికర్ లేదు. రమ్మనున్రి, వాళ్లకు గూడ మైనం రుద్దుడు నేర్పిస్త."

ఇంటికి వచ్చాక ఓడను అరుగు మీదే పెట్టి గోనె కప్పేదాన్ని. బాపు నాతో మాట్లాడడం మానేశాడు. నేను వండింది తినేవాడు, మగ్గం గుంతలోకి దిగేవాడు. నాకు బాధగా లేదంటే అబద్ధం. కాని ఓడను గడప బయట పెట్టిన ప్రతిసారీ నా మొండితనం ఇంకాస్త గట్టిపడింది.

పంద్రాగస్టునాడు కరీంనగర్‌లో ముసురే. ప్రదర్శన పెట్టిన హాలు గోడలకు చెమ్మ దిగుతోంది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. మాట మరచిపోలేదు, ఆ విషయంలో ఆయన్ను మెచ్చుకోవాలి. కొయ్య పైకెక్కడానికి నిచ్చెనలా అల్లిన తాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూశారు. పొయ్యి ఎక్కడుందో కూడా ముందే చూసి పెట్టుకున్నాను. చివరి తాడు దాకా నొక్కారు. ఒక్కటీ సడలలేదు. మూడు కొయ్యలూ నిటారుగా ఉన్నాయి. ఆయన వంగి ఓడ ముందు పెట్టిన చీటీ చదివారు. దాని మీద నా పేరు, నా పేరు పక్కనే తాత పేరు రాశాను.

"ఈయనెవరు? ఏదైనా రేవులో పనిచేసిన మనిషా?"

"కాదు సార్. హుజూరాబాద్ బస్టాండు కాడ చెప్పులు కుడ్తడు. ఆయన గూడ సముద్రం చూడలే."

ఆయన మళ్లీ ఒక తాడును నొక్కి చూశారు. "తాళ్లు బాగున్నాయమ్మా" అన్నారు చివరికి.

"బాగున్నయని తెల్సు సార్" అన్నాను.

తిరుగు బస్సులో కిటకిట. ఎవరిదో మూటలోంచి పొడుచుకొచ్చిన గడ్డపార తగిలి ముందు కొయ్య తాడు ఒకటి తెగింది. హుజూరాబాద్‌లో దిగి, ఎప్పటిలాగే ఓడను అరుగు మీద పెట్టాను. బాపు గడపలోకి వచ్చి నిలబడ్డాడు. గెలిచానా ఓడానా అని అడగలేదు. ఆయన కళ్లు తెగిన తాడు మీద పడ్డాయి. తెగిన పోగు కంటపడితే బాపు ఊరుకోలేడు. అది ఆయన చేతుల్లో ఉన్న జబ్బు. గడప దాటి వచ్చి, అరుగు మీద కూచుని, రెండు కొసలూ వేళ్ల మధ్య పెట్టి మా ఇంటి పద్ధతిలో పురి తిప్పాడు. మైనానికి పురి నిలవలేదు, జారిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ జారింది. నలభై ఏళ్లుగా పోగులు అతికిన వేళ్లు అవి. మూడోసారి కూడా జారాక తల ఎత్తకుండానే అడిగాడు.

"దీన్ని ఆయన ఎట్ల అతుకుతడు?"

నాకు తెలుసు. తాత నేర్పించాడు. అరుగు మీదే చూపించవచ్చు.

"బస్టాండు కాడ కూసుంటడు బాపూ. పోయి అడుగు" అన్నాను.

బాపు చాలాసేపు మైనం అంటిన వేళ్లను చూసుకున్నాడు. మర్నాడు మగ్గం ఆపి, అంగీ తొడుక్కుని, ఓడను తానే ఎత్తుకుని బస్టాండు వైపు పోయాడు. నేను వెంట పోలేదు.