కుందేళ్ల కోసం సర్దిన ఇల్లు

మా ఎదురు క్వార్టర్ వాళ్లకి బదిలీ అయినప్పుడు వాళ్ల కుందేళ్లు రెండూ మా ఇంటికొచ్చాయి. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. రైల్లో తీసుకుపోవడం కుదరదని, ఇంకెవరికైనా ఇస్తే కోసుకు తింటారేమోనని ఆ ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుంటే, మా ఆయన "మేం చూసుకుంటాం లెండి" అనేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు.

అప్పటికి మాకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆయన కిరందుల్ ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్. మా అమ్మాయి జగదల్‌పూర్‌లో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. రెండు గదుల క్వార్టర్లో మేమిద్దరమే.

"బోనేది?" అని అడిగాను.

"బోన్లో పెట్టకూడదంట. పిల్లిలాగా ఇంట్లోనే తిరుగుతాయంట."

"ఇంట్లో తిరుగుడేంది?" అన్నాను. నాది సరిహద్దు ఊరు కొంటా. ఆయనది విజయనగరం పక్క పల్లె. కోపమొస్తే నా నోటికి మా ఊరి మాటే వస్తుంది.

ఆ ఆదివారం ఆయన ఇల్లంతా మోకాళ్ల మీద పాకాడు. మాటవరసకి అనడం లేదు, నిజంగానే పాకాడు. నేల మీద గడ్డం ఆనించి, కుందేలు కంటికి ఏమేం కనిపిస్తాయో చూశాడు. టీవీ వైరు, ఫ్రిజ్ వైరు, ఫోన్ చార్జర్ వైరు. ప్లాస్టిక్ పైపులు తెచ్చి, పొడుగునా కత్తితో చీల్చి, ఒక్కో వైరునీ లోపల పెట్టి గోడకి బిగించాడు. అల్మారా కింద సందుకి ప్లైవుడ్ ముక్క కొట్టాడు. మంచం కింద నా చీరల పెట్టెలు అటకెక్కాయి. పరదాలు అవి కొరకకుండా మోకాలెత్తుకి మడిచి కుట్టించాడు. కుట్టింది నేనే. నున్నటి నేల మీద వాటి కాళ్లు జారుతున్నాయని, మా అమ్మ ఇచ్చిన జంపఖానా తీసుకొచ్చి ముందు గదిలో పరిచేశాడు. చుట్టాలొస్తే తప్ప నేను బయటికి తీయని జంపఖానా అది.

మొక్కలైతే మరీ అన్యాయం. వరండాలోనూ కిటికీల దగ్గరా నాకు పదకొండు కుండీలుండేవి. "మనీప్లాంట్ తింటే వాటికి విషమంట, క్రోటన్లు కూడా మంచివి కావంట" అని ఫోన్లో చూసి చదివి వినిపించి, తొమ్మిదింటిని పక్కింటికి ఇచ్చేశాడు. తులసి, మందారం మాత్రం మిగిలాయి.

అదే మనిషి, మా వంటింట్లో స్విచ్‌బోర్డు ఆరేళ్లుగా ఊగుతుంటే, "చూద్దాంలే" అన్నవాడు. నేను దానికి పాత గుడ్డ కుక్కి గ్రైండర్ వేసుకునేదాన్ని. కుందేళ్లొచ్చిన వారానికి, వైరు ఎక్కడ కొరికినా కరెంటు టక్కున ఆగిపోవాలని మెయిన్ దగ్గర కొత్త ట్రిప్పర్ బిగించాడు. స్టూలు పట్టుకుని నిలబడింది నేను. పట్టుకున్నంతసేపూ ఒకటే ఆలోచన: ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో వైర్ల మధ్య తిరుగుతున్నది నేను కాదా?

అసూయ అనే మాట అప్పట్లో నాకు తట్టలేదు. ఊడ్చే పని పెరిగిందని చిరాకనుకున్నాను. పని పెరిగిన మాట నిజమే. ట్రేలో వరిగడ్డి మార్చాలి, గరిక కడిగి ఆరబెట్టాలి. ఇక్కడి దుమ్ము ఎర్రటిది, ఇనుప ఖనిజం దుమ్ము. రోజుకి మూడుసార్లు తుడిచినా ఆ తెల్లదాని పాదాలు తుప్పు రంగుకి తిరిగేవి. ఆయన డ్యూటీ నుంచి రాగానే తడి గుడ్డతో ఆ పాదాలు ఒక్కొక్కటే తుడిచేవాడు. "ఏరా, ఏం తిన్నావ్? అమ్మ ఏం పెట్టింది?" అని దాన్ని అడిగేవాడు. అమ్మ అంటే నేను. నేను తిన్నానో లేదో మాత్రం ఆయన అడగలేదు.

మా అమ్మాయి కూడా అంతే. వీడియో కాల్ చేస్తే ముందు "అమ్మా, కెమెరా కింద పెట్టు, వాటిని చూపించు" అనేది. నేను ఫోన్ పట్టుకుని మంచం కిందకి వంగేదాన్ని. నడుం పట్టేసేది.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం మాత్రం ఓర్చుకోలేకపోయాను.

కొండ మీద గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా కిటికీలు సన్నగా అదురుతాయి. అక్కడ బతికేవాళ్లకి అది చెవినపడదు. కుందేళ్లకి మాత్రం ప్రాణం పోయినట్టుండేది. వెనక కాలితో నేలని దబ్ మని కొట్టి బిగుసుకుపోయేవి. ఆ రోజు ఆయనకి సెలవు. కిటికీ అదరగానే అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి ఎత్తి పట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని, రెండో చేత్తో ఆ తెల్లదాని చెవులు మూశాడు. "ఏం లేదు, ఏం లేదు, నేనున్నాగా" అన్నాడు.

నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మొదటిసారి ఆ చప్పుడు విని గుమ్మం దాకా పరుగెత్తాను. ఆయన నవ్వాడు. "అలవాటవుద్దిలే" అన్నాడు. అంతే. నా చెవులెవరూ మూయలేదు.

ఆయన కంచంలో అన్నం అలా ఆరిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళ్లాడు. కూలర్ కింద నీళ్లు కారాయి. తుడవడానికి కూలర్ వెనక సందుకి అడ్డంగా ఆయన పెట్టిన చెక్క పక్కకి తీశాను. ఆ వెనక కూలర్ వైరు ఒక జానెడు, పైపులో ఇమడక బయటే ఉండేది. దాని కోసమే ఆ చెక్క. తుడవడం అయిపోయింది. చెక్క చేతిలోనే ఉంది. కుందేళ్లు రెండూ మంచం కింద నిద్రపోతున్నాయి. చెక్కని గోడకి ఆనించి, బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్లాను.

మర్చిపోయానని ఎవరితోనైనా చెప్పొచ్చు. కానీ నాకు గుర్తుంది. చెక్క వంక చూశాను, వైరు వంక చూశాను, వెళ్లాను. అవి చావాలని కోరుకోలేదు, అది మాత్రం ఒట్టు. ఆయన కట్టిన ఆ ముద్దులకోటలో ఎక్కడో ఒకచోట చిల్లు పడాలని మాత్రం ఉంది.

రెండో చీర ఆరేస్తుంటే లోపల ఫ్యాన్ చప్పుడు ఆగింది. పరుగెత్తాను. తెల్లది పక్కకి పడి ఉంది. కాలిన వెంట్రుకల వాసన. మూతి కింద నల్లటి మచ్చ. గోధుమరంగుది దాని చుట్టూ తిరుగుతోంది.

ట్రిప్పర్ వల్ల ప్రాణం ఉంది. కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, దాన్ని పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరు ఆవుల్నీ మేకల్నీ చూసే మనిషి. నాలుక పక్కగా కాలిందని హిందీలో చెప్పాడు. "పుండు మానుతుంది. తిండి ఆపితేనే ప్రమాదం. ఒక రోజు పొట్ట ఆగిందంటే కుందేలు బతకదు. ఆకులు రుబ్బి, రెండు మూడు గంటలకోసారి సిరంజితో పట్టండి."

సాయంత్రం ఆయన వచ్చి చూసి కుర్చీలో కూలబడిపోయాడు. "చెక్క పెట్టానుగా" అన్నాడు.

"తుడవడానికి తీసిన" అన్నాను. మిగతాది మింగాను.

ఆయన డ్యూటీకి పోక తప్పదు. కాబట్టి ఐదు రోజులు ఆకురసం పట్టింది నేనే. కొత్తిమీర, ముల్లంగి ఆకు రోట్లో నూరి, పల్చగా చేసి, కుందేల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టేదాన్ని. మొదటి రోజు సగం నా చీర మీదే ఉమ్మింది. నా అరచేతి కింద దాని గుండె ఎంత జోరుగా కొట్టుకునేదో. నేను పెట్టిన భయం అని నాకొక్కదానికే తెలుసు. గోధుమరంగుది నా మోకాలి పక్కనే కూర్చుని, నేను దింపగానే దాని మూతి నాకి శుభ్రం చేసేది. వాటినలా చూసినప్పుడు కూడా లోపలేదో చురుక్కుమనేది. అంత జరిగాక కూడా.

ఐదో రోజు అది కొత్తిమీర కాడ దానంతట అదే లాక్కుని నమిలింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఇక ఆగలేకపోయాను.

"తుడిచిన తర్వాత చెక్క నేనే పెట్టలే. మర్చిపోయి కాదు" అన్నాను.

ఆయన చప్పట్లు ఆగిపోయాయి. నా వంక చూశాడు. లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత రెండు రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మూడో రోజు టీ గ్లాసు నా ముందు పెట్టి, నేల మీద నా ఎదురుగా కూర్చున్నాడు.

"నాతో చెప్పుండొచ్చు కదా."

"ఏమని చెప్పాలె? కుందేళ్ల మీద కుళ్లుగా ఉందని చెప్పాల్నా? నవ్వేటోడివి."

"నవ్వేవాణ్ణే" అన్నాడు.

కాదని బుకాయించలేదు. ఇరవై రెండేళ్లలో ఆయన నాతో అన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అదే. అప్పుడు నేను, కొత్త కాపురంలో బ్లాస్టింగ్ చప్పుడుకి ఎంత భయపడ్డానో, ఎన్ని నెలలు ఆ వేళకి తలుపులన్నీ మూసుకుని పీట మీద కూర్చున్నానో చెప్పాను. ఆయనకి అదేమీ తెలియదు. టీ చల్లారిపోయింది. "అంత భయపడ్డావా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ సాయంత్రం కూలర్ వెనక చెక్కకి నేనే డ్రిల్లు పెట్టి నాలుగు స్క్రూలు బిగించాను. ఆయన టార్చి పట్టుకున్నాడు. ఒక స్క్రూ వంకరగా దిగింది. సరిచేస్తానంటే చెయ్యనివ్వలేదు.

దసరా సెలవులకి మా అమ్మాయి వచ్చింది. వచ్చీ రాగానే జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తెల్లది మంచం కింద నుంచి వచ్చి, వాసన చూసి, ఒక్క గెంతు గెంతి అమ్మాయి ఒళ్లో ఎక్కి కూర్చుంది.

"అమ్మా, చూశావా, నేనంటే ఎంత ఇష్టమో!" అంది.

ముల్లంగి ఆకు నూరి నూరి నా వేళ్లు పచ్చబడ్డ సంగతి అమ్మాయికేం తెలుసు? ఐదు రోజులు ఒళ్లో పెట్టుకున్నా, తిండి పట్టడం అవగానే నా దగ్గర్నుంచి పారిపోయేది ఈ కుందేలే.

"కొత్త మనిషి కదా, వాసన చూస్తోందిలే" అన్నాను. కూర మాడుతోందని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి మీద ఏ కూరా లేదు.