పోను పోను వెడల్పయ్యే వెలుగు

మా ఉస్తాద్ పోయారని మంగళవారం పొద్దున కంపెనీ బస్సులో తెలిసింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. మా కంపెనీ ఉన్న హజీరా దారంతా మంచు. బస్సు మెల్లగా పోతోంది.

ఆయన కరీంనగర్ వైపు మనిషి. క్రేన్ల పరికరాలు చూసే మా విభాగంలో సీనియర్ టెక్నీషియన్. నేను అప్పట్లో విజయనగరం నుంచి కొత్తగా చేరిన ఇంజనీరుని. మొదట్లో "మేడం" అనేవారు. తన డబ్బాలోని జొన్నరొట్టె సగం తుంచి పెట్టిన రోజు నుంచి "బిడ్డా" అయ్యాను. ఏ పరికరాన్ని ముట్టుకోబోయినా ముందు అరచేతులు చొక్కాకి తుడుచుకునేవారు.

ఒకే పట్టాల మీద తిరిగే రెండు క్రేన్లు ఢీకొనకుండా, మధ్య దూరం చూసే లేజర్ స్కానరు పెట్టించడం నా మొదటి పని. బిగించడానికి వీలుగా ఉందని క్రేను మీది నడవా కమ్మీల పక్కనే పెట్టించాను. వారం తిరక్కుండానే, ఎదురుగా ఏమీ లేకపోయినా క్రేను ఆగిపోసాగింది. స్కానరు వైరు పీకెయ్యమని ఆపరేటర్ల గొడవ. మేనేజరు కూడా సరేనన్నట్టు తలూపాడు.

"కింద మనుషులుంటరు సాబ్. నేనైతే వైరు పీక" అన్నారు ఉస్తాద్.

నన్ను మసకగా ఉన్న ఖాళీ షెడ్డులోకి తీసుకెళ్ళారు. స్కానరు కిరణం కంటికి కనపడదు. అందుకని ఒక ఎర్ర లేజరు బల్ల మీద పెట్టి, తెల్ల అట్ట పట్టుకుని వెనక్కి నడిచారు. దగ్గర్లో కందిబద్దంత చుక్క. ఆయన నడిచిన కొద్దీ పెరిగి, షెడ్డు చివర అరచేయంత అయింది. ఆ మసకలో మనిషి కనిపించడం లేదు. ఎర్రటి వెలుగొక్కటే గాలిలో తేలుతున్నట్టుంది. గొంతు మాత్రం వినిపించింది.

"చూసినవా బిడ్డా? ఇది దారం కాదు. పోను పోను ఎడల్పయితది. దాని అంచు జర కమ్మికి తాకిందనుకో, అదే ఎదుటి క్రేను అనుకుంటది. గందుకే చుట్టూ జాగ ఇడ్వాలె."

"తప్పు నాదే ఉస్తాద్. మేనేజరుకి ఎలా చెప్పను?"

"నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడ్త."

నిలబడ్డారు. నేను చెప్పడం అయ్యేదాకా కదల్లేదు. మర్నాడు స్కానర్ని కమ్మీలకి దూరంగా, పైకి జరిపాం. క్రేను ఎండలో అలా సాగి, ఎదుటిదాన్ని చూసి నెమ్మదించి, మెత్తగా ఆగింది. ఉత్తపుణ్యానికి ఆగడం మళ్ళీ లేదు. ఇప్పుడు మా వాళ్ళెవరైనా పొరపాటు చేస్తే, నేనూ వెళ్ళి పక్కన నిలబడుతున్నాను.

మొన్న గోడాదరా పేటలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆయన ఆడ ఏం పని చేస్తుండె బిడ్డా? ఎప్పుడడిగినా 'దూరం చూస్త' అని నవ్వుతుండె."

తెలిసినంత చెప్పాను. అంతా విని, నన్ను డాబా మీదికి తీసుకెళ్ళింది. కింద సందుల్లో మరమగ్గాల చప్పుడు.

"హజీరా ఎటు దిక్కు?"

పొద్దు దిగుతున్న వైపు చెయ్యి చూపించాను. ఇళ్ళ కప్పులు, వాటి మీద ఆరేసిన చీరలు తప్ప అక్కణ్ణుంచి ఏమీ కనపడదు. ఆమె కొంగు నుదుటి మీదికి లాక్కుని, అటే చూస్తూ నిలబడింది.