ప్రార్థన మందిరంలో తీసిన రిఫరెన్స్

మట్టిలో ఊపిరి ఊది మనిషిని నడిపించిన నా దేవునికి స్తోత్రం. కదలిక ఆయనది. బొమ్మలను నడిపించే పనిలో ఉద్యోగ జీవితమంతా నన్ను నిలబెట్టిందీ ఆయనే; ఆ పని దయ్యాల పని అన్నవాళ్ల ముందు నా తల దించనివ్వనిదీ ఆయనే. ఆయనకే మహిమ చెల్లించి ఈ సంగతి రాస్తున్నాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో, హైదరాబాద్‌లోని మా యానిమేషన్ స్టూడియో భద్రాచలంలో చిన్న యూనిట్ తెరిచింది. లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లు చేరి ఇళ్ల నుంచే పనిచేసిన పిల్లల్లో కొందరు తిరిగి నగరానికి రామన్నారు. సత్తుపల్లి వైపు వాళ్లు, చర్ల వైపు వాళ్లు అందరికీ అందేలా ఒక మేడ పై అంతస్తు కిరాయికి తీసుకుని, సూపర్‌వైజర్‌గా నన్ను పంపారు. నాది వేంసూరు. ఈ ప్రాంతం మనిషినని నన్ను ఎంచుకున్నారు. అదే నా చివరి పోస్టింగ్.

మా పనిలో మెట్లు స్పష్టంగా ఉంటాయి. ట్రైనీ, జూనియర్, సీనియర్, లీడ్, ఆపైన సూపర్‌వైజర్. తెర మీద కొన్ని సెకన్లపాటు సాగే ఒక కదలికను షాట్ అంటాం. జూనియర్ చేసిన షాట్‌ను లీడ్ చూస్తాడు. ఆయన సరే అన్నది నా దగ్గరకు, నేను సరే అన్నది విదేశంలో ఉన్న క్లయింట్ దగ్గరకు వెళుతుంది. అక్కడ తిరగ్గొడితే రీటేక్, అంటే మళ్లీ చేయడం. అప్రూవ్డ్ అనే మాట వచ్చేదాకా ఎవరికీ తృప్తి ఉండదు.

ఆ యూనిట్‌లో కెజియా అనే జూనియర్ ఉండేది. దుమ్ముగూడెం దారిలో వాళ్ల ఊరు. తండ్రి ఏసోబు వడ్రంగి, ఆ ఊరి క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆదివారాలు నేనూ ఆ సంఘానికే వెళ్లేదాన్ని.

కెజియా బస్సు దిగుతుంటే మెడలో హెడ్‌ఫోన్స్ ఉండేవి. వీపు మీది సంచిలో డ్రాయింగ్ టాబ్లెట్, గేమ్ కంట్రోలర్, పవర్‌బ్యాంక్, ఫోను నిలబెట్టే మడత స్టాండు, వాటి మధ్య పరిశుద్ధ గ్రంథం. భోజన విరామంలో అందరూ గెలవడానికి గేమ్ ఆడితే, ఆమె గేమ్‌లోని మనిషిని ఒకే చోట మళ్లీ మళ్లీ దూకించేది. "చూడండి మేడం, కింద పడ్డంక మోకాలు వంగుతలేదు. మనిషికి బరువే లేదు, దూది లెక్క దిగుతుండు," అని తప్పు పట్టేది. దారిలో బర్రె లేస్తుంటే ఫోనులో తీసేది. బస్సు మలుపు తిరిగినప్పుడు కండక్టర్ ఎటు వాలాడో తీసేది. రాత్రి దాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపుకుంటూ చూసేది. ఊళ్లో వాళ్లకు ఇదంతా వింత. "ఆటలాడితే జీతమిస్తరా కెజియా? నాగ్గూడ ఒకటి చూడరాదు, ఇంట్ల కాళ్లు జాపుకొని ఆడుకుంట," అని ఆటపట్టించేవాళ్లు. "మీకు రీటేక్ ఇస్తే ఏడుస్తరు బాబాయ్," అనేది.

ఆ సమయంలో ఒక గేమ్‌కు సంబంధించిన పెద్ద షాట్ ఆమెకు ఇచ్చాను. అందులో ఒక క్రూర జంతువు దెబ్బ తిని పడిపోయి, ముందు పాకి, తర్వాత మనిషిలా రెండు కాళ్ల మీద లేచి నిలబడాలి. ఇలాంటి షాట్ చేసేముందు యానిమేటర్ ఆ కదలికను తానే చేసి వీడియో తీసుకుంటాడు. దాన్ని రిఫరెన్స్ అంటాం. బరువు ఏ చేతి మీద పడింది, ఏ భుజం ముందు లేచింది అన్నది ఊహించి గీస్తే తప్పు దొరికిపోతుంది; ఒంటితో చేసి చూడాలి. రిఫరెన్స్ లేని షాట్ నేను చూడనని యూనిట్‌లో అందరికీ తెలుసు.

మా గదిలో బల్లలే తప్ప పాకే చోటు లేదు. వాళ్లింట్లోనూ లేదు. ప్రార్థన మందిరంలో మాత్రం కొత్తగా బండలు పరిచారు, వెలుతురు బాగుంటుంది. పాస్టరమ్మ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, వంపులు వీడియోలో తెలిసేలా కీళ్ల దగ్గర తెల్ల స్టిక్కర్లు అంటించుకుని, ఫోను స్టాండు మీద పెట్టి మొదలుపెట్టింది. ఊపిరి లయ కోసం గుర్రుమంటూ పాకింది.

ఆ రోజు ఉపవాస ప్రార్థన. ముసురు పట్టడంతో స్త్రీలు నాట్లు ఆపి ముందే వచ్చారు. కిటికీలోంచి చూశారు. స్త్రీల సమాజానికి పెద్ద అయిన సంతోషమ్మ అందరికంటే ముందు లోపలికి దూకి, దయ్యం పట్టిందనుకుని కెజియా నెత్తిన ప్రార్థన నూనె పోసి, రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"పేరు చెప్పు! ఎవతివి నువ్వు?"

"కెజియానే పెద్దమ్మా!"

"అబద్ధం! ఎవరు పంపిన్రు నిన్ను?"

ఊపిరాడని ఆ పిల్ల నోటికొచ్చిన నిజం చెప్పింది: "క్లయింట్!"

ఆ పేరుగల దయ్యం గురించి అక్కడ ఎవరూ వినలేదు. ఇంకా గట్టిగా ప్రార్థించారు.

మరునాడు ఆమె ఇదంతా చెబుతుంటే యూనిట్ యావత్తూ నవ్వింది. ఆ నవ్వు ఆ వారాంతం దాకా కూడా నిలవలేదు. పెద్దల కూటం కూర్చుంది. మందిరంలో గేమ్ కోసం మృగంలా పాకినందుకు ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి, గేమ్‌ల ఉద్యోగం మానాలి. లేదంటే ప్రభువు బల్లకు దూరం. ఆ బల్ల దగ్గర ఇచ్చే రొట్టె ద్రాక్షారసాల్లో పాలుపొందలేకపోవడం విశ్వాసికి చిన్న శిక్ష కాదు. ఇంట్లో ఉన్నా ఇంటి మనిషి కానట్టే. ఆ తీర్పు చెప్పిన పెద్దల మధ్యే ఏసోబు కూడా కూర్చున్నాడు.

కబురు తెలిసి నేను కెజియాతో కలిసి పెద్దల ముందుకు వెళ్లాను. కూటంలో అందరికంటే పెద్దవాడు ప్రకాశం గారు. "గేమ్‌లు పిల్లల్ని పాడుచేస్తున్నయ్ సిస్టర్. నా మనవడు అన్నం ముందల పెట్టుకొని ఫోన్ల తుపాకి కాల్చుకుంట కూసుంటుండు," అన్నారు. అది నిజమే, ఆ ఫోను తీసేయండి అన్నాను. కానీ మనవడి ఫోను తీయలేక ఈ పిల్ల ఉద్యోగం తీయడం న్యాయమా అని అడిగాను. పెద్దల కూటంలో స్త్రీలు మాట్లాడే ఆనవాయితీ లేదని గుర్తుచేశారు. అయితే నన్ను కూడా బల్లకు దూరం పెట్టండి, ఆమెకు రిఫరెన్స్ తీయమన్నది నేనే, అన్నాను. పాస్టరు గారు సౌమ్యుడు. ఒక్క మాట 'క్షమించండి' అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానని కెజియాను బతిమాలారు.

ఆమె లేచి నిలబడింది. "తప్పు చేస్తే ఒప్పుకుంట పాస్టర్ గారు. చేయంది ఒప్పుకుంటే అది అబద్ధం. అబద్ధం చెప్పి బల్ల దగ్గర చెయ్యి చాపమంటరా? ఆ చెయ్యి నేను చాప."

ఏసోబు ఇంటికి వెళ్లి ఆమె టాబ్లెట్, కంట్రోలర్ తన పనిముట్ల పెట్టెలో వేసి తాళం పెట్టాడు. ఆమె యూనిట్‌లో ఉన్న పాత టాబ్లెట్ మీద పని చేసింది. శిక్షలో ఉన్నవాళ్లు మందిరంలో వెనుక కూర్చోవడం రివాజు. ఆమె ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చుంది. బల్ల వడ్డించినప్పుడు పళ్లెం ఆమెను దాటిపోయేది. పక్కనే కూర్చున్న నన్నూ దాటిపోయేది. ఇద్దరం పాట మాత్రం అందరికంటే గట్టిగా పాడేవాళ్లం.

షాట్ రెండు రీటేకులు దాటాక పెద్దలను యూనిట్‌కు పిలిచాను. పాస్టరు గారు, ప్రకాశం గారు, ఏసోబు, సంతోషమ్మ వచ్చారు. రివ్యూలో మేము చేసేదే వాళ్ల ముందు చేశాను. తెరకు ఒకవైపు రిఫరెన్స్, మరోవైపు షాట్ పెట్టి, ఫ్రేము ఫ్రేముగా నడిపించాను. ఇటు కెజియా మోచేయి మోపితే అటు జంతువు మోచేయి మోపింది. ఆమె భుజం లేస్తే దాని భుజం లేచింది. అంతలో రిఫరెన్స్‌లోకి సంతోషమ్మ దూకింది.

"అయ్యో, ఇదేంది, నేను గంత లావున్ననా?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రకాశం గారు నవ్వలేదు. ఆ జంతువు చెడ్డదా మంచిదా అని అడిగారు. ఏ జవాబు చెబితే గట్టెక్కవచ్చో గదిలో అందరికీ తెలుసు.

"అవ్, చెడ్డదే అంకుల్," అంది కెజియా. "చెడ్డది చెడ్డగనే కనబడాలె. క్రిస్మస్ నాటకంల మీరు ప్రతి ఏడు చెడ్డ రాజు ఏషం కడ్తరు. పసిపిల్లలు దడుసుకొని ఏడుస్తరు. మీ నెత్తిన ఎవరన్న నూనె పోసిన్రా?"

వెళ్లేటప్పుడు పాస్టరు గారు మెట్ల దగ్గర ఆగి, పెద్దల మాట పోకుండా ఏదో ఒకటి చెప్పమ్మా అని మళ్లీ అడిగారు. ఆమె చెప్పనంది. షాట్ ఆ వారమే అప్రూవ్ అయింది. శిక్ష మాత్రం ఎవరూ ఎత్తేయలేదు.

తర్వాత వచ్చిన బల్ల ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకునే వంతు ఏసోబుది. ముందు వరుసలో ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ వచ్చి, కూతురి ముందు కూడా ఆగాడు. పాడేవాళ్లు పాట ఆపేశారు.

"నేనేం ఒప్పుకోలే నాన్నా," అంది ఆమె, చెయ్యి ఒళ్లోనే ఉంచుకుని.

"నిన్నెవరడిగిన్రు? తీసుకో."

ఆమె తీసుకుంది. పళ్లెం నా ముందుకు వచ్చింది, నేనూ తీసుకున్నాను. ప్రకాశం గారు పాస్టరు గారి వైపు చూశారు. పాస్టరు గారు ఆగిన పాటను ఆగిన చరణం నుంచే ఎత్తుకున్నారు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ పని తెలియక భయపడేవాళ్లకు తలుపు తీసి పనిని చూపించండి. చూపించాక కూడా వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు పనీ మానవద్దు, సంఘమూ మానవద్దు, చేయని తప్పూ ఒప్పుకోవద్దు. సూపర్‌వైజర్లకు ఒక మాట: షాట్ బాగుంటే పేరు తీసుకునే మనం, ఆ షాట్ వల్ల వచ్చే శిక్షలోనూ పక్కన కూర్చోవాలి.

చదివిన మీరు నాతో కలిసి ఒక్క ప్రార్థన చేయండి. ప్రభువా, నీ ముందు అబద్ధమాడి మనుషుల ముందు మంచివాళ్లం అనిపించుకునే కోరిక మాలో ఉంటే తీసెయ్యి. ఆమేన్.