చేతులెత్తేసిన ప్రవక్త

ఇరవై ఏళ్లుగా ఇళ్లకు రంగులేస్తున్నాను. మా పనిలో గోడలకు ఎవరైనా వేస్తారు, సీలింగుకు వేసేవాడే మొనగాడు. తల వెనక్కి వాల్చి, కంట్లో చుక్కలు పడుతున్నా చేతులు దించకుండా పూటలు పూటలు గడపాలి. ఆ మొనగాణ్ణి నేనేనని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. రెండేళ్లుగా కుడి భుజం పట్టేస్తోందన్న సంగతి మాత్రం మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెబితే బావమరిది నిచ్చెనెక్కేస్తాడు. వాడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. "నీకింకా చెయ్యి తిరగలేదురా" అంటూ పదిహేనేళ్లుగా వాడిని గోడలకే పరిమితం చేశాను.

ఆ వేసవి సెలవుల్లో మా చర్చివాళ్లు పిల్లలకు శిబిరం పెట్టారు. అక్కడి హాలుకు రంగులేయడానికి మేమిద్దరం, వంటకు మా ఆవిడ వెళ్లాం. ఒకరోజు పాస్టరుగారు నా నిచ్చెన కిందికొచ్చి నిలబడ్డారు.

"రేపు పిల్లలతో యుద్ధం ఆడిస్తున్నాం. కొండ మీద చేతులెత్తి నిలబడే ముసలి ప్రవక్త కావాలి. మీరైతే బాగుంటుంది."

ఆ యుద్ధం పరిశుద్ధ గ్రంథంలో ఉన్నదే. ప్రవక్త చేతులెత్తినంతసేపు ఆయన జనం గెలుస్తారు. దించితే శత్రువులు గెలుస్తారు. ఆయన అలిసిపోయాక ఇద్దరు చెరోవైపు నిలబడి, పొద్దుగుంకేదాకా ఆయన చేతులు పట్టుకుంటారు.

"చేతులెత్తడమా? నేను బతికేదే దాని మీద కదండీ!" అన్నాను. 'ముసలి' అన్న మాట ఒక్కటే కాస్త గుచ్చుకుంది.

మర్నాడు మైదానంలో ఎనభై మంది పిల్లలు పేపరు కత్తులతో నిలబడ్డారు. నేను చేతులెత్తితే ఎర్ర రుమాళ్లవాళ్లు ముందుకు రావాలి, దించితే నీలం రుమాళ్లవాళ్లు. అవతలివాళ్ల జెండా పీకినవాళ్లు గెలిచినట్టు. చీటీలు తీస్తే, ఆ పిల్లల్లోనే ఉన్న మా అమ్మాయికి నీలం వచ్చింది, అంటే శత్రుసైన్యం. నేను బంకతో దూది గడ్డం అతికించుకుని, దుప్పటి చుట్టుకుని, రోలరు కర్ర పట్టుకుని నీళ్ల ట్యాంకు దిమ్మ ఎక్కాను. చెరోవైపు బావమరిది, పిల్లల్ని తీసుకొచ్చిన బస్సు డ్రైవరు నిలబడ్డారు.

"మీకిక్కడేం పని? పోయి నీడన కూర్చోండి."

"కథలో మేం పట్టుకోవాలి కదా బావా?" అన్నాడు బావమరిది.

"కథలో ఆయన ముసలాయనరా. నేను పెయింటర్ని."

ఇద్దరూ దిగి వెళ్లిపోయారు.

మొదటి ఐదు నిమిషాలూ నన్ను చూడాల్సిందే. ఎర్రసైన్యం నీలంవాళ్లను వాలీబాల్ నెట్ దాకా తరిమింది. ఆ తర్వాత భుజం మొదలెట్టింది. కర్రను ఎడమచేతికి మార్చుకున్నాను. ఇంతలో గడ్డం బంకకు చెమట తగిలి బుగ్గంతా దురద. ఆపుకోలేక రెండు చేతులూ దించి గోక్కున్నాను. ఆ ఒక్క గోకుడికి మావాళ్లు పదకొండు మంది చచ్చిపోయారు.

"చేతులు! చేతులు!" అని పాస్టరుగారు మైకులో కేకేశారు.

ఎడమచెయ్యి లేచింది. కుడిది లేవనంది.

"సార్, ఒక్క చెయ్యెత్తితే ఎవరు గెలిచినట్టు?" అని ఎర్రసేనాని కింద నుంచి అరిచాడు. నేను జవాబు చెప్పేలోగా వాడి సైన్యంలో సగం ముందుకు, సగం వెనక్కు పరుగెత్తి ఒకళ్లనొకళ్లు గుద్దుకున్నారు.

అప్పుడే మా అమ్మాయి వెనకవైపు నుంచి దిమ్మ ఎక్కింది. నాన్న కష్టం చూడలేక సొంత సైన్యాన్నే వదిలి వచ్చిందని నా గుండె ఉప్పొంగింది.

"మా తల్లే! ఈ చెయ్యి పట్టుకో" అన్నాను.

"సారీ నాన్నా" అని చంకలో చక్కిలిగింతలు పెట్టింది.

మూటలా కూలబడ్డాను. నీలంవాళ్లు ఎర్రజెండా పీకేసి మైదానం చుట్టూ ఊరేగారు. పాస్టరుగారు తెరిచిన గ్రంథంకేసి ఒకసారి, మైదానంకేసి ఒకసారి చూసి, "ఇందులో ఇలా లేదే" అన్నారు, మైకు ఆపడం మరిచిపోయి.

నేనూ పగలబడి నవ్వాను, కుడిచెయ్యి ఆనించి లేవబోయేదాకా. లేవబోయి పెట్టిన కేకకు మా ఆవిడ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇప్పుడే కదే, పడ్డాను..."

"ఎన్నాళ్ల నుంచి అని అడుగుతున్నా."

"రెండేళ్లు."

ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, రేపట్నుంచి సీలింగు నువ్వెయ్యి" అంది.

వాడు నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. పక్కన కూర్చుని నా గడ్డం మెల్లగా ఊడదీస్తూ, "నాకు తెలుసు బావా. నిచ్చెన దిగేటప్పుడు ఎడంచేత్తోనే పట్టుకుంటున్నావ్" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావేమోనని."

మర్నాడు హాల్లో చాప మీద వెల్లకిలా పడుకున్నాను. మా అమ్మాయి ముఖం ముడుచుకుని నా భుజానికి వేడినీళ్ల సంచీ ఒత్తుతోంది. పైన బావమరిది మిగిలిన సగం సీలింగు వేస్తున్నాడు. ఎక్కడైనా రోలరు గీత కనపడుతుందేమోనని గంటసేపు వెతికాను. చివరికి దొరికింది.

"ఒరేయ్, ఆ కిటికీ పైన చూడు! చారలు చారలుగా ఉంది. నీకింకా చెయ్యి తిరగలేదురా!"

వాడు అటు చూసి, రోలరు మళ్లీ రంగులో ముంచుతూ అన్నాడు:

"అది నువ్వేసిన సగం బావా."