నా పొట్ట మార్చిన దారి

కరోనా తగ్గి ప్రయాణికుల ఓడలు మళ్లీ తిరగడం మొదలైన ఏడాది, విశాఖ నుంచి అండమాన్ వెళ్లే ఓ ఓడలో వంటవాడిగా చేరాను. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాచారం వాణ్ణి. అప్పటిదాకా నేను దాటిన పెద్ద నీళ్లంటే వానాకాలంలో ఉప్పల్ రోడ్డే. ఈత రాదు. “నీకు ఈత ఎందుకన్నా, పడ్డా తేలుతవ్” అనేవాళ్లు మా దోస్తులు, నా పొట్ట చూసి.

ఓడలో రెస్క్యూ ప్లాన్ అని ఒకటుంటుంది. ఆపద వస్తే ఎవరు ఎవరిని పిలవాలి, రోగిని ఏ తలుపు దగ్గర అందుకోవాలి అనేది ఓడవాళ్లూ ఒడ్డునున్న రెస్క్యూ సెంటర్ వాళ్లూ ముందే మాట్లాడుకుని చెరో కాపీ పెట్టుకుంటారు. అప్పుడప్పుడు కలిసి డ్రిల్ చేస్తారు. రోగి వేషం ఎప్పుడూ నాదే. నన్ను మోయగలిగితే ఎవరినైనా మోయొచ్చని చీఫ్ ఆఫీసర్ లెక్క.

ఓసారి స్ట్రెచర్‌కు కట్టి పై డెక్‌కు ఎక్కిస్తుంటే మెట్ల మలుపులో ఇరుక్కున్నాను. ముందుకు పోను, వెనక్కి రాను. అందరూ నవ్వారు గానీ చీఫ్ ఆఫీసర్ నవ్వలేదు. ఒడ్డువాళ్లతో మాట్లాడి దారే మార్పించాడు: ఇకపై రోగిని సరుకుల లిఫ్టులో దించి, నీళ్లకు దగ్గరగా ఉండే పక్క తలుపు నుంచి బోటుకు అందించాలి.

కొన్నాళ్లకు మా ఓడ ఎక్కారు మా నాచారం యాదగిరి, ఆయన భార్య. అన్నం దగ్గర యాస విని, ఊరడిగి, నేనే మామా అత్తా అని వరస కలిపాను. విశాఖ దాటిన కాసేపటికే అత్త వంటగదికి వచ్చింది.

“బిడ్డా, మీ మామకు ఛాతిల నొస్తుందట. గ్యాసే అంటుండు. జర సోడా ఇయ్యి.”

వెళ్లి చూస్తే మామ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. సోడా మానేసి ఓడ డాక్టర్ని పిలిచాను. గుండె అన్నాడాయన, త్వరగా దవాఖానాకు చేర్చాలన్నాడు. కెప్టెన్ ఒడ్డుకు కబురు చేశాడు.

స్ట్రెచర్ మీద మామ నా చెయ్యి వదల్లేదు. “ఇంతమంది మోస్తున్రేంది? అంత బరువున్ననా?”

“నాలో సగం గూడ లేవు మామా. ఫికర్ జెయ్యకు.”

లిఫ్టు దిగి పక్క తలుపు తెరిచేసరికి, ఒడ్డు నుంచి వచ్చిన రెస్క్యూ బోటు సరిగ్గా ఆ తలుపు ముందుకే వస్తోంది. ఎవరూ ఎవర్నీ దారి అడగలేదు. బోటువాళ్లు మామనూ అత్తనూ అందుకుని వెళ్లిపోయారు. మామ బతికాడు. ఆ బోటువాళ్ల పేర్లు ఇప్పటికీ తెలియవు. సముద్రం చూసినప్పుడల్లా వాళ్లకూ, ఆ రోజు నవ్వని చీఫ్ ఆఫీసర్‌కూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆపద వచ్చాక ఆలోచించే తీరిక ఉండదని, ఆ ఆలోచన ముందే ఎవరో మనకోసం చేసి ఉండాలని వాళ్లవల్లే తెలిసింది.

సెలవులో నాచారం వచ్చి మామ ఇంటికి పోయాను. జొన్నరొట్టెలు తింటూ గొప్పలు పోయాను. “నా పొట్ట ఇరుక్కోబట్టే నువ్వు బతికినవ్ మామా.”

అత్త ఇంకో రొట్టె వేస్తూ అంది. “నీ పొట్టకు దండం బిడ్డా. కానీ మా తలుపు గూడ సన్నదే. ఇది తిన్నంక నిన్ను బయటికి తియ్యాలంటే ఎవర్ని పిలవాల్నో ఇప్పుడే చెప్పి పెట్టు.”