శుక్రవారం ఉపవాసం ఉండే సర్వరు

మా ఇంటి గడపకు పసుపు రాసేముందు నేను ఇప్పటికీ వంగి, కింద తీగలేమైనా ఉన్నాయేమోనని చేత్తో తడిమి చూస్తాను. మొన్న శుక్రవారం కూడా అలా తడుముతుంటే మావారు పేపరు కిందికి దించి, "దొరికిందా?" అని అడిగారు. పెళ్ళయిన కొత్తలో ఆయనకు ఈ సంగతి చెప్పాను. అప్పటినుంచీ వారం వారం అదే ప్రశ్న, అదే నవ్వు. ఇంత కాలమైనా ఆయనకు విసుగు రాలేదు, నాకూ అలవాటు పోలేదు.

ఇది రెండువేల ఆరు, ఏడు ప్రాంతాల మాట. అప్పట్లో నేను తెనాలిలో ఒక పాల డెయిరీలో కంప్యూటర్ల విభాగంలో పనిచేసేదాన్ని. మా ఊరు బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. మా మామయ్య, అంటే అమ్మకు స్వయానా తమ్ముడు, ఆ విభాగానికి మేనేజరు. ఆయన రేపల్లె పాసింజరులో వచ్చేవారు. ఉద్యోగం ఆయన ఇప్పించలేదని, నేనే పరీక్ష రాసి తెచ్చుకున్నానని కనబడినవాళ్ళందరికీ చెప్పేదాన్ని గానీ ఒక్కరూ నమ్మలేదు. లోపలికి అడుగు పెడితే చాలు, కాగుతున్న పాల వాసనా ఫినాయిలు వాసనా కలిసి ముఖాన కొట్టేవి. సాయంత్రం ఇంటికి వెళితే మా పిల్లి నన్ను వదిలేది కాదు. బాపట్లలోనూ రేపల్లెలోనూ మాకు పాలు పోయించుకునే కేంద్రాలుండేవి. ఎవరి పాలు ఎన్ని, వెన్న ఎంత అన్నది అక్కడ కొడితే తెనాలిలో ఉన్న ఒకే ఒక్క సర్వరులో చేరేది. వేసవిలో ఆ సర్వరు మొరాయించిందంటే రైతులు క్యాన్లు దించుకుని ఎండలో నిలబడిపోయేవాళ్ళు. పాలు ఎవరికోసమూ ఆగవు కదా, విరిగి కూర్చునేవి.

అందుకని మామయ్య ఒక ఆలోచన చేశారు. ఒకటి కాదు, రెండు సర్వర్లు పెడదాం. డేటా అంతా ఉండే డిస్కుల పెట్టె మాత్రం ఒకటే, రెండూ దాన్నే వాడుకుంటాయి. ఒకటి పడిపోయినా రెండోది పని నడిపిస్తుంది. పైన ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే బయటి కంపెనీ తెచ్చిపెడతామంటున్న సామగ్రి అంతా అక్కర్లేదు, మనమే చేసుకోవచ్చు. ఈ మాట డెయిరీ యజమానికి చెప్పాలి. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. కొల్లూరు లంకల్లో అరటితోటలున్న మనిషి, ఆఫీసుకి గెలలు గెలలు పంపేవారు. కంప్యూటరు సంగతి ఎత్తితే మాత్రం కళ్ళు మూసుకునేవారు. ఆయన కళ్ళు తెరిపించడానికి మామయ్య ఇలా చెప్పారు: "ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళున్నారనుకోండి సార్. సామాన్ల గది ఒకటే, పొయ్యిలు రెండు. ఒకావిడకి జ్వరం వస్తే రెండో ఆవిడ వండి పెడుతుంది. ఇంట్లో ఎవరూ పస్తుండక్కర్లేదండి."

పెద్దాయనకు బాగా అర్థమైంది. మాకు కావలసినదానికంటే ఎక్కువే అర్థమైంది. "ఒకే గదిలో రెండు పొయ్యిలు పెడితే ఆ కాపురం చీలిపోద్దండి మేనేజరు గారూ. ఒకదాన్ని పక్క గదిలో పెట్టించండి," అన్నారు. ఇది యంత్రమండీ అని మామయ్య ఎంత చెప్పినా వినలేదు. తోడికోడళ్ళని తెచ్చింది ఈయనే కాబట్టి వెనక్కి తీసుకోవడానికీ లేదు. చివరికి ఒక సర్వరు, డిస్కుల పెట్టె ఈ గదిలో, రెండో సర్వరు పక్క గదిలో పెట్టాం. డిస్కుల పెట్టె తీగ పట్టేంత మటుకు గోడకు కన్నం కొట్టి, సర్వర్లు రెండూ మాట్లాడుకునే తీగను ఎలక్ట్రీషియను రెండు గదుల మధ్య గడప కింద నుంచి లాగాడు. తీగ కొంచెం పొట్టిదైతే అక్కడే ఒక అతుకు వేసి, టేపు చుట్టాడు.

ఆ మాట్లాడుకోవడం గురించి చెప్పాలి, నాకు అన్నిటికంటే ముద్దొచ్చింది అదే. సర్వర్లు రెండూ ఆ తీగమీద ఎడతెగకుండా ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఉన్నావా అంటే ఉన్నాను, ఉన్నావా అంటే ఉన్నాను. జవాబు రాకపోతే అవతలిది పోయిందనుకోవాలి. అయితే నిజంగా పోయిందో, తీగే తెగిందో ఇవతలి దానికి తెలియదు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే కూరలో ఉప్పు వేస్తే ఏమవుతుంది? డేటా కూడా అలాగే పాడైపోతుంది. అందుకని ఒక నియమం పెట్టారు. పలకరింపు ఆగగానే ముందుగా సామాన్ల గది తాళం ఎవరు పట్టుకుంటే వాళ్ళు ఉంటారు, రెండోవాళ్ళు తమంతట తామే పడుకుని లేవాలి, అంటే ఆగిపోయి మళ్ళీ మొదలవ్వాలి. అన్నీ కుదిరి రెండూ మొదటిసారి పలకరించుకున్న రోజు మామయ్య తెరమీది అక్షరాలవంక పురిటిబిడ్డను చూసినట్టు చూశారు.

సంబరం నిండా వారం నిలవలేదు. శుక్రవారం పొద్దున్న నేను ఆఫీసుకి చేరేసరికి ఫోన్లు మోగిపోతున్నాయి. పక్క గదిలో సర్వరు దానంతటదే పడుకుంది, పని ఈ గదిలో దానికి మారే గడబిడలో కేంద్రాల్లో తెరలు ఆగిపోయాయి. "మేడమ్, బొమ్మ కదలట్లేదండి, ఇక్కడ క్యాన్లు నిండిపోయున్నాయండి," అని బాపట్ల కేంద్రంవాళ్ళు గోల. మధ్యాహ్నానికల్లా అంతా సవ్యంగా ఉంది, ఎంత వెతికినా తప్పు దొరకలేదు. పై శుక్రవారం మళ్ళీ అదే తంతు. ఆ పైవారమూ అంతే. లినక్స్‌లో మార్చగలిగినవన్నీ మార్చాను, మార్చకూడనివీ ఒకటి రెండు మార్చాను. పెద్దాయన మాత్రం, "రెండు పెడితే అందులో ఒకటి శుక్రవారం ఉపవాసం ఉంటందేంటండీ?" అన్నారు. అందరూ నవ్వారు. మామయ్య నవ్వలేదు. ఎందుకంటే పెద్దాయన ఆ వెంటనే, మరొక్క శుక్రవారం చూస్తాను, ఆగితే అన్నీ పీకించి బయటి కంపెనీని పిలుస్తాను అన్నారు. మామయ్య రిటైర్మెంటు దగ్గర పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పట్టుబట్టి అడిగింది ఇదొక్కటే. అది ఓడిపోయి ఆయన ఇంటికి వెళ్ళడం నేను చూడలేను.

ఆ శుక్రవారం నేను చీకటుండగానే లేచి తొలి రైలు పట్టుకున్నాను. నేను వెళ్ళేసరికి మామయ్య అప్పటికే వచ్చి, రెండు గదులూ కనబడేలా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుని ఉన్నారు. నేను రెండు గదుల మధ్య గడప దగ్గర నిలబడ్డాను. కాసేపటికి ఆఫీసు ఊడ్చే ఆమె, అందరం పిన్ని అనేవాళ్ళం, చెంబుతో నీళ్ళు, గిన్నెలో పసుపూ పట్టుకుని వచ్చింది. ఆమెది దుగ్గిరాల, పసుపు వాళ్ళ ఇంటినుంచే తెచ్చేది. "కాస్త జరుగమ్మా, గడప కడగాల," అంది. జరిగాను. చెంబెడు నీళ్ళు గడపమీద ధారగా పోసి, తుడిచి, గుప్పెడు పసుపు మెత్తి, బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. మూడో బొట్టు పెడుతుండగా పక్క గదిలో సర్వరు ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

మామయ్యా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఆయన పంచె ఎగ్గట్టి వంగి, గడప కింద వేళ్ళు పెట్టి ఆ అతుకును బయటికి లాగారు. టేపు లోపలినుంచి పచ్చటి పసుపు నీళ్ళు కారాయి. వారం వారం తడిసి, మధ్యాహ్నానికి ఆరిపోతోంది. ఇంకేముంది, ఇద్దరం నేలమీద కూర్చుని కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాం. పిన్ని హడలిపోయి, "నేనేం చేశానయ్యా?" అంది. "నువ్వు మమ్మల్ని బతికించావు తల్లీ," అన్నారు మామయ్య. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పెద్దాయన వచ్చేలోగా అతుకులేని కొత్త తీగను తలుపు పైనుంచి లాగించాం. ఆయన ముందరే పిన్ని చేత గడపమీద మరో చెంబెడు నీళ్ళు పోయించారు మామయ్య. ఏమీ కాలేదు. అది చాలదన్నట్టు ఈ గదిలో సర్వరు కరెంటు తీగను తానే పీకేశారు. రేపల్లె కేంద్రానికి ఫోను చేసి, "పాలు పోయించుకుంటున్నారా?" అని అడిగాను. "కాస్త ఆగి మళ్ళీ వచ్చిందండి, పోయిస్తున్నాం. ఏంటండి, ఏమైనా అయిందా?" అన్నారు అవతలినుంచి. ఏమీ కాలేదండి అని ఫోను పెట్టేశాను. ఆ మాట అంత హాయిగా నేను ఇంకెప్పుడూ అనలేదు. పెద్దాయన తల పంకించి, "పక్క గదిలో పెట్టమని నేను చెప్పలా?" అన్నారు. అవునండి అన్నారు మామయ్య, ఎంతో సంతోషంగా.

మామయ్య ఆ మర్యాదతోనే రిటైరై రేపల్లెలో ఉంటున్నారు. ప్రతి శుక్రవారం పొద్దున్న ఫోను చేసి, "అమ్మాయ్, ఉన్నావా?" అంటారు. "ఉన్నా మామయ్యా," అంటాను. సరే అయితే అని పెట్టేస్తారు, అంతే. మొన్న శుక్రవారం ఆ ఫోను రాలేదు. పసుపు ఆరిపోతున్నా నేను గడప దగ్గరే కూర్చున్నాను, నేను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎండెక్కాక మోగింది. కృష్ణ మీది పెనుమూడి వంతెన వైపు నడకకు వెళ్ళి ఫోను ఇంట్లోనే మరిచిపోయారట. "ఉన్నావా?" అన్నారు. "మీరున్నారా?" అన్నాను. ఆ సర్వర్లు పాత ఇనుములో కలిసి ఎన్నో ఏళ్ళయింది, డెయిరీ చేతులు మారింది. కాలం వెళ్ళిపోయిందని అంటారు గానీ, నాకు మాత్రం అది శుక్రవారం శుక్రవారం ఆ జవాబు వినేదాకా మా గడప దగ్గర ఆగి, విన్నాకే కదులుతున్నట్టుంటుంది.