సైకిలుకి తలంటు పోసిన వైనం

కొబ్బరినూనెతో మా కోనసీమ వాళ్ళం చెయ్యని పని లేదు. తలకి రాస్తాం, ఒంటికి రాస్తాం, తలుపు కిర్రుమంటే మడతబందులో రెండు చుక్కలు వేస్తాం. ఇన్ని తరాల్లో ఎవరికీ తట్టని ఉపయోగం ఒకటి నాకు తట్టింది. దాంతో మా బావగారు కాలువలో పడ్డారు. కంగారు పడకండి, ఆయన క్షేమం. దెబ్బతిన్నది నా పరువు, కొంచెం ఆయన మోచెయ్యి.

అప్పటికి నేను ఐటీఐ ఫిట్టరు పాసై, మలికిపురంలో మా అక్క ఇంట్లో మకాం వేశాను. సర్టిఫికెట్టు చేతికొచ్చిన రోజు నుంచీ లోకంలో మరలన్నీ నాకోసమే వదులవుతున్నాయని నా నమ్మకం. బావగారు మస్కట్‌లో ఓ వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఓసారి సెలవులకొస్తూ గేర్ల సైకిలొకటి విమానంలో వేసుకొచ్చారు. ముందు చక్రానికి అటూ ఇటూ, మోటారు సైకిలుకున్నట్టు స్ప్రింగు గొట్టాల ఫోర్కు! హ్యాండిల్ నొక్కితే దూదిపరుపులా దిగేది, వదిలితే లేచేది. వీధిలో వాళ్ళు పనిగట్టుకుని వచ్చి నొక్కి వెళ్ళేవారు.

తిరిగి వెళ్తూ బావగారు దాన్ని నాకప్పగించారు.

"చూడు సూరిబాబూ, మళ్ళీ నేనొచ్చేదాకా ఇది నీ పూచీ. దీన్ని బాగా చూసుకున్నావనుకో, మా వర్క్‌షాపులో హెల్పరు వీసాకి నీ పేరు చెప్తాను."

"ఆయ్! మీరు నిశ్చింతగా వెళ్ళండి బావగారూ."

ఆ క్షణం నుంచి ఆ సైకిలే నాకు మస్కట్ విమానం. రోజూ తుడిచాను. అక్కడితో ఆగి ఉంటే మీకీ పాట్లు చెప్పే పనే ఉండేది కాదు. తుడవడం ఎవడైనా తుడుస్తాడు, సర్వీసింగు చేసినవాడే కదా ఫిట్టరు! కొరివితో తల గోక్కోవడం పాత పద్ధతి. నేను స్పానరుతో గోక్కున్నాను.

"ఒరేయ్, బాగున్నదాన్ని ఎందుకురా విప్పుతావు?" అంది అక్క.

"బాగుండగానే విప్పాలక్కా. పాడయ్యాక ఎవడైనా విప్పుతాడు."

గొట్టాల కింద బోల్టులు తీశాను. నల్లటి నూనె బొటబొటా కారింది. "చూసేవా, ఎంత మురికుందో!" అన్నాను, అదే దాని ప్రాణమని తెలియక. స్క్రూడ్రైవరు మొన తగిలి, నూనె కారకుండా ఆపే రబ్బరు సీలొకటి చీరుకుపోతే, పాత ట్యూబు ముక్క కోసి దాని చోట దూర్చాను. ఇక నూనె. అంబాజీపేటలో ఆడించి తెచ్చిన కొబ్బరినూనె ఇంట్లో క్యానునిండా ఉండగా, ఎవడో తయారుచేసిన నూనె మనకెందుకు? పైమూతలు తీసి రెండు గొట్టాల్లోనూ ధారాళంగా పోసి బిగించేశాను.

నమ్మండి, సైకిలు అద్భుతంగా నడిచింది! దిగడం, లేవడం, పైగా కమ్మటి వాసన. నా వెనక సైకిలు తొక్కేవాళ్ళకి అకారణంగా ఆకలేసేది.

బావగారు ధనుర్మాసంలో వచ్చారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న సైకిలుని నొక్కి చూసి మురిసిపోయారు.

"భలే చూసుకున్నావోయ్! వీసా సంగతి రేపే ఫోను చేసి కనుక్కుంటాను."

మర్నాడు తెల్లారగట్ల, మంచు కురుస్తుండగా సైకిలెక్కి షికారెళ్ళారు. వంతెన దిగువన ఓ గతుకుంది. స్ప్రింగు దిగుతుందనే ధీమాతో ఆయన బ్రేకు కూడా వెయ్యలేదట. స్ప్రింగు దిగలేదు. బావగారు దిగారు. తంతే బూరెల బుట్టలో పడడం అదృష్టవంతుల సంగతి. ఆయన కాలువలో గుర్రపుడెక్క మీద పడ్డారు.

"ఫోర్కు పచ్చడిబండలా బిగిసిపోయిందోయ్!" అంటూ తడిసి ముద్దై వచ్చారు.

ఆయన స్నానం చేసి, కాఫీ తాగి, కాసేపు కునుకు తీసి లేచేసరికి ఎండెక్కింది. వచ్చి నొక్కితే ఫోర్కు మెత్తగా దిగింది. ఆయన సైకిలు కేసి చూసి, నా కేసి చూసి, "నేనే సరిగ్గా తొక్కలేదంటావా?" అన్నారు.

"అంతే అయ్యుంటుందండి," అన్నాను. సిగ్గులేకపోతే సరి!

కానీ అక్క కళ్ళు కప్పడం ఎవరి తరం? మర్నాడు చీకటితోనే నన్ను వంటింట్లోకి పిలిచి, తలనూనె సీసా బోర్లించింది. చుక్క రాలలేదు.

"ఇదేమైందిరా?"

"చలికి పేరుకుందక్కా."

"మరి సైకిల్లో పోసింది?"

నా గుండె కూడా అక్కడికక్కడే పేరుకుంది.

"ఏడుపు తర్వాత. ఆయన లేచేలోపు దానిమీద వేణ్ణీళ్ళు పొయ్యి," అంది. తిట్టడానికి ముందు ఉపాయం చెప్పే మనుషులు లోకంలో ఎందరుంటారు? మా అక్కంటే అందుకే నాకు అప్పుడూ ఇప్పుడూ గొప్ప.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఫోర్కు గడ్డకట్టాక వేణ్ణీళ్ళ చెంబు పట్టుకున్నాను. రెండు చెంబులు పోశానో లేదో, వెనక దగ్గు వినిపించింది.

"ఏంటోయ్ అది?"

"స్నానమండి."

"నీకా, సైకిలుకా?"

"దానికేనండి."

"తలంటా?"

"ధనుర్మాసం కదండీ, తెల్లారగట్ల స్నానం చేయిస్తే పుణ్యమంటారు," అంది అక్క గుమ్మంలోంచి. ఎంత ప్రయత్నమండీ పాపం!

బావగారు స్పానరు తెచ్చి ఓ గొట్టం మూత విప్పారు. వేలు పెట్టి తీస్తే తెల్లగా వెన్నలాంటిది వచ్చింది. వాసన చూశారు.

"సూరిబాబూ! కొబ్బరినూనె!"

"స్వచ్ఛమైనదండి," అన్నాను.

ఇంకొకరైతే ఆ స్పానరు నా నెత్తిన పడేది. ఆయన లుంగీ ఎగ్గట్టి చతికిలబడ్డారు. గొట్టాలు ఊడదీసి కిరసనాయిలుతో కడిగారు. రాజోలు వెళ్ళి, మోటారు సైకిలు షాపులన్నీ తిరిగి, సరిపోయే సీలూ ఫోర్కాయిలూ సంపాదించుకొచ్చారు. బిగింపు మాత్రం అంతా నా చేతే చేయించారు. "నెమ్మదిగా తిప్పు, మర చెడుద్ది," అనడం తప్ప ఒక్క కటువు మాట లేదు. సాయంత్రానికి ఫోర్కు మళ్ళీ మొదటిలా దిగి లేచింది. అంత ఓపిక నేను మరో మనిషిలో చూడలేదు. కాళ్ళకి దండం పెడదామనిపించింది. చేతుల నిండా జిడ్డుందని ఊరుకున్నాను.

అయినా నా ప్రాణం వీసా చుట్టూనే కొట్టుకుంటోంది.

"బావగారూ, మరి నా వీసా..."

"నిన్ను తీసుకెళ్తే మా మెషీన్లన్నిట్లోనూ కొబ్బరినూనె పోస్తావు కదోయ్!"

"పోసినా పర్లేదండి. మస్కట్‌లో ఇంత చలి ఉండదు కదా, పేరుకోదు."

అక్క కొంగుతో నోరు మూసుకుంది. బావగారు దెబ్బ తగిలిన మోచెయ్యి పట్టుకుని పగలబడి నవ్వారు. "నీ ధైర్యానికైనా పిలిపించాలోయ్," అన్నారు.

మాట తప్పలేదు మహానుభావుడు. కొన్నాళ్ళకి నిజంగానే వీసా వచ్చింది. వీధంతా మిఠాయి పంచి, తీరా తీసి చదివితే, వర్క్‌షాపుకి కాదు, అక్కడి క్యాంపు వంటగదికి! ఫోను చేసి అడిగాను.

"నూనెల మీద నీకున్న మక్కువ చూసేక, అదే సరైన చోటనిపించిందోయ్," అన్నారు బావగారు.

వెళ్ళాను. ఆ వంటగదిలో మొదటి రోజే, పెద్ద మూకుడు ఎదుట నిలబడి, గరిటె సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో, బాగా పనిచేస్తున్న ఏ వస్తువునూ నేను బాగుచెయ్యను.